మనతో వచ్చిన తిండి, ఊళ్లో వదిలేసిన తిండి

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నాకిచ్చిన విషయం "ఆహారం, సంస్కృతి, ఆరోగ్యం". చాలా పెద్ద విషయం. నేను డాక్టర్ని కాను, పండితుణ్ణి అసలే కాను. ఆర్మీ సర్వీస్ కోర్‌లో ఏళ్ల తరబడి రేషన్ లెక్కలు రాసినవాణ్ణి. కనుక నా ఆలోచన ఎటు తిరిగినా బియ్యం బస్తా దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఆ దారినే నాలుగు మాటలు చెప్తాను.

సెలవు ముగిసి రైలెక్కే తెలుగు జవాను పెట్టెలో ఏముంటుందో మనందరికీ తెలుసు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, అప్పడాలు, వడియాలు, పండగ రోజులైతే అరిసెలు, సున్నుండలు. ఆ పెట్టె మూత తీస్తే చాలు, ఆంధ్రావాలా సెలవు నుంచి వచ్చాడని బ్యారక్ మొత్తానికి తెలిసిపోతుంది. వేపచెట్టు బతకని లేహ్ లాంటి చోట్ల ఉన్నవాళ్లకు ఉత్తరంలో ఎండిన వేపపువ్వు పెట్టి పంపిన తల్లులు, భార్యలు ఈ సభలోనే ఉన్నారు. దూరదేశంలో తెలుగువాడికి ఊరంటే ముందు రుచి, ఆ తరవాతే మిగతావన్నీ. ఇందులో తప్పేమీ లేదు.

అయితే ఆ పెట్టెలో లేనిదేమిటో కూడా చూడాలి కదండీ. చోళ్ళపిండి ఉండదు. జొన్నలు, సజ్జలు, ఉలవలు ఉండవు. తరవాణి కుండ ఎలాగూ రైలెక్కదు. అంటే మనం ఊరు నుంచి తెచ్చుకున్నది పండగ తిండి, విందు తిండి, నంజుడు. రోజూ తిని మన తాతలు నాగలి పట్టిన తిండిని ఊళ్లోనే వదిలేశాం. కొన్నాళ్లకు ఊరు కూడా దాన్ని వదిలేసింది. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మన తిండి మన గుర్తింపు అని గర్వంగా చెప్పుకునేటప్పుడు, ఏ తిండిని మన తిండి అంటున్నామో ఒకసారి సరిచూసుకోవాలి. ఆరోగ్యం సంగతి అక్కడే తేలుతుంది.

గంజి కథ

మొదట మన సిపాయిల కథే చెప్తాను. 18వ శతాబ్దంలో ఉత్తరాదిన సిపాయిని "తిలంగా" అనేవారు. ఇంగ్లీషు కంపెనీ పటాలాల్లో కవాతు నేర్చుకుని బెంగాల్ దాకా వెళ్లిన తొలి సిపాయిల్లో తెలుగుదేశం వాళ్లుండడం వల్ల ఆ పేరొచ్చింది. తరవాత ఏ ప్రాంతంవాడైనా సరే, సిపాయి అయితే తిలంగాయే. మన జాతి పేరు ఒక వృత్తికి పేరైందన్నమాట.

ఆ కాలపు కథే ఒకటుంది. 1751లో క్లైవు కొద్దిమంది తెల్లవాళ్లతో, కొద్దిమంది సిపాయిలతో ఆర్కాటు కోట పట్టుకున్నాడు. వెంటనే ఆ కోటను శత్రువులు చుట్టుముట్టారు. లోపల తిండి తగ్గిపోతూ వచ్చింది. అప్పుడు సిపాయిలు క్లైవు దగ్గరికి వెళ్లి, అన్నం తెల్లవాళ్లకు పెట్టండి, మాకు వార్చిన గంజి చాలు అన్నారట. మెకాలే 1840లో క్లైవు మీద రాసిన వ్యాసంలో దీన్ని సిపాయిల విశ్వాసానికి ఉదాహరణగా చెప్పి ప్రసిద్ధం చేశాడు. అందులో చరిత్ర ఎంతో, కథ ఎంతో వాదించుకోవచ్చు. నేను ఆ గంజి గురించే మాట్లాడతాను.

బియ్యపుగింజ పైపొరలోనూ మొలక దగ్గరా బి1 విటమిను ఉంటుంది. దాన్నే థయమిన్ అంటారు. అది నీటిలో కరిగిపోతుంది. బియ్యాన్ని మరలో తెల్లగా పట్టిస్తే దానిలో ఎక్కువ భాగం తవుడులోకి పోతుంది. కడిగితే కొంత కడుగునీళ్లలోకి, గంజి వారిస్తే మరికొంత గంజిలోకి పోతుంది. మన ఇళ్లలో ఏం చేశామో గుర్తు చేసుకోండి. తవుడు గేదెకు, కడుగు కుడితిలోకి, గంజి బట్టలకు. యూనిఫాం బిర్రుగా నిలబడింది. అందులో మనిషికి మిగిలింది తెల్లటి పిండిపదార్థం. గంజి తాగే పాలేరును చూసి జాలిపడిన ఇంటివాళ్లు, తమ విస్తట్లోంచి పోయిందేమిటో ఎన్నడూ తెలుసుకోలేదు.

కుట్ ముట్టడి నేర్పిన పాఠం

ఇది మాటల కోసం చెప్తున్నది కాదు. యుద్ధభూమిలోనే రుజువైంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఇప్పటి ఇరాక్‌లో ఉన్న కుట్ పట్టణంలో జనరల్ టౌన్షెండ్ సేన చిక్కుకుపోయింది. 1915 డిసెంబరు నుంచి 1916 ఏప్రిల్ 29 దాకా ముట్టడి సాగింది. లోపల బ్రిటిష్ సైనికులు, భారతీయ సైనికులు ఇద్దరూ ఉన్నారు. కోట ఒకటే, శత్రువు ఒకడే, ఆకలి ఒకటే. కాని పళ్ళేలు వేరు. అందుకని జబ్బులు కూడా వేరయ్యాయి.

బ్రిటిష్ సైనికుల రేషన్‌లో తెల్లపిండి రొట్టె, మాంసం. వాళ్లకు బెరిబెరి వచ్చింది. కాళ్లు తిమ్మిరెక్కడం, వాపులు, గుండె నీరసించడం. మనవాళ్లు పొట్టుతో ఉన్న గోధుమ ఆటా తిన్నారు. వాళ్లకు బెరిబెరి రాలేదు. తెల్లపిండి అయిపోయి బ్రిటిష్ వాళ్లకు కూడా ఆటా, బార్లీపిండి కలిపిన రొట్టె పెట్టడం మొదలుపెట్టాక వాళ్ల బెరిబెరి తగ్గుముఖం పట్టింది. గొప్పదనుకున్న తెల్లపిండి జబ్బు తెస్తే, నాటుదనుకున్న ఆటా కాపాడింది.

రెండోవైపు కూడా చెప్పాలి. మాంసం అయిపోయాక గుర్రాలను కోశారు. భారతీయ సైనికుల్లో చాలామంది మతకారణాలవల్ల గుర్రపుమాంసం ముట్టలేదు. తినవచ్చని ఇండియా నుంచి మతపెద్దల అనుమతులు తెప్పించినా చాలాకాలం ఒప్పుకోలేదు. ఊరికి తిరిగి వెళ్లాక ఎవరేమంటారో అన్న భయం తుపాకీ గుండు భయం కంటే పెద్దదైంది. తాజా కూరగాయలు లేవు, తాజా మాంసం తినరు. మనవాళ్లను స్కర్వీ పట్టుకుంది. చిగుళ్ల నుంచి రక్తం, మానని గాయాలు. చివరి రోజుల్లో తినడానికి ఒప్పుకున్నారు గాని, అప్పటికే శరీరాలు చిక్కిపోయాయి.

తిండికీ, గుర్తింపుకూ, ఆరోగ్యానికీ ఉన్న ముడి ఇంతకంటే స్పష్టంగా ఎక్కడ కనిపిస్తుంది చెప్పండి. ఆటా తినే అలవాటు మనవాళ్లను ఒక జబ్బు నుంచి కాపాడింది. ఫలానాది తినం అన్న పట్టుదల ఇంకో జబ్బుకు అప్పగించింది. సంస్కృతి ఒక చేత్తో ఇచ్చింది, ఇంకో చేత్తో తీసుకుంది. ఆ సైనికులను నేను తప్పుపట్టడం లేదు. ఆ కట్టుబాటు ఎంత బలమైనదో చెప్తున్నానంతే.

జాతి ఒకటే, పళ్ళెం వేరు

ఇక మనకు దగ్గర ఊరికి వద్దాం. వెల్లింగ్టన్‌లో మద్రాస్ రెజిమెంట్ సెంటర్ ఉంది కదా, మనలో కొందరు శిక్షణ పొందిన చోటు. దాని పక్కనే కూనూరు. అక్కడ రాబర్ట్ మెక్‌కారిసన్ అనే సైనిక వైద్యుడు, ఇండియన్ మెడికల్ సర్వీస్ అధికారి, 1918లో ఒకే గదిలో బెరిబెరి మీద పరిశోధన ప్రారంభించాడు. ఆయనకు ఆ అవసరం ఎందుకు వచ్చిందంటే, ఆనాటి మద్రాసు రాజధానిలో బెరిబెరి పాతుకుపోయిన ప్రాంతం ఉత్తర సర్కారులు. అంటే మన కోస్తా జిల్లాలే. తమిళ జిల్లాల్లో ఉప్పుడు బియ్యం తినేవారు. వడ్లను ఉడికించి దంచినప్పుడు పైపొరలోని విటమిను గింజలోపలికి ఇంకుతుంది, అందుకని మరపట్టినా అంతా పోదు. మనవాళ్లు పచ్చి వడ్లను మరపట్టించి తిన్నారు. పంట ఎక్కువ, నీళ్లు ఎక్కువ, బియ్యం తెలుపు ఎక్కువ. జబ్బు కూడా ఎక్కువే.

మెక్‌కారిసన్ చేసిన ఇంకో ప్రయోగం మనం మరచిపోకూడదు. ఒకే జాతి ఎలుకలను గుంపులుగా విడగొట్టి, ఒక గుంపుకు సిక్కులు తినే తిండి, ఇంకో గుంపుకు పఠాన్ల తిండి, మరాఠాల తిండి, బెంగాలీల తిండి, మద్రాసీల తిండి, ఇలా పెట్టాడు. గోధుమ రొట్టెలు, పాలు, వెన్న, పప్పు, ఆకుకూరలు ఉన్న సిక్కు తిండి మీద పెరిగినవి అన్నిటికంటే బలంగా పెరిగాయి. తెల్లబియ్యం ఎక్కువగా ఉండి, పప్పు, కూరలు, పాలు అంతంతమాత్రంగా ఉన్న మద్రాసీ తిండి మీద పెరిగినవి అట్టడుగున ఉన్నాయి.

ఇది విని చిన్నబుచ్చుకోకండి. ఇందులో మనకు అనుకూలమైన సాక్ష్యం ఉంది. తిలంగా అంటేనే సిపాయి అనుకున్న దేశంలో, 19వ శతాబ్దం చివరికి "యోధజాతులు" అనే సిద్ధాంతం తెచ్చి దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారన్నారు. ఎత్తు చూశారు, ఛాతీ కొలిచారు, రక్తంలోనే లోపమన్నారు. కూనూరు ఎలుకలు దానికి జవాబు చెప్పాయి. జాతి ఒకటే. పళ్ళెం మారితే ఒళ్లు మారింది. తరవాత రెండో ప్రపంచయుద్ధంలో, స్వాతంత్ర్యం తరవాత అన్ని యుద్ధాల్లో మనవాళ్లు ఏం చేశారో మీ అందరికీ తెలుసు. మిలటరీ మాధవరం లాంటి ఊళ్లున్న తెలుగునేల ఆ సిద్ధాంతాన్ని ఎప్పుడో కొట్టిపారేసింది.

కూనూరులో ఒక గదిలో మొదలైన ఆ సంస్థే 1958లో హైదరాబాదుకు వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో ఉన్నది అదే. అక్కడ పనిచేసిన డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1960లో ఇంకో సంగతి బయటపెట్టారు. దక్కనులో జొన్న తప్ప వేరే ఆధారం లేని పేదలకు పెల్లాగ్రా అనే వ్యాధి వస్తున్నదని. ఎందుకు చెప్తున్నానంటే, ఈమధ్య చిరుధాన్యాలంటే సర్వరోగ నివారిణి అన్నట్టు ప్రచారం జరుగుతోంది. ఏ గింజా ఒంటరిగా మనిషిని కాపాడదు. జొన్నరొట్టె పక్కన పప్పు, ఆకుకూర, మజ్జిగ ఉండాలి. మన పెద్దల రోజువారీ తిండిలో మంచిదంతా ఆ కలయికలోనే ఉంది.

మన రుచి ఎప్పుడు మనదైంది?

మన తిండి అనాదిగా ఇలాగే ఉందని అనుకుంటాం. కారం లేనిదే తెలుగువాడు లేడంటాం. మిరపకాయ అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసువాళ్ల ఓడల్లో 16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. అంతకుముందు మన ఘాటు ఎక్కువగా మిరియాలదే. ఇవాళ గుంటూరు పేరు చెప్తే ప్రపంచానికి మిరపే గుర్తుకొస్తుంది. పరాయి కాయను నాలుగు వందల ఏళ్లలో ఇంతగా మనది చేసుకోగలిగిన జాతి, తన సొంత చోళ్ళను మళ్లీ తెచ్చుకోలేదా?

అన్నం మీద మోజు కూడా పాతదే. శ్రీనాథుడి పేర చెప్పుకునే చాటువుల్లో పల్నాటి జొన్నకూటి మీద ఎంత విసుగు ఉందో సాహిత్యం చదివినవారికి తెలుసు. జొన్న, సజ్జ, చోళ్ళు మెట్ట తిండి, కూలివాడి తిండి. వరి అన్నం మాగాణి తిండి, మర్యాద తిండి. పిల్లనిచ్చేటప్పుడు కూడా అన్నం తినే ఊరా అని అడిగిన ప్రాంతాలున్నాయి. కాలవలు వచ్చాయి, కొత్త వంగడాలు వచ్చాయి, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ పథకం ఎన్ని పొయ్యిలు వెలిగించిందో తక్కువ చేసి మాట్లాడకూడదు. పండగనాడు మాత్రమే అన్నం చూసిన ఇళ్లు రోజూ అన్నం తిన్నాయి. దాంతోపాటే రాయలసీమ సంగటి, తెలంగాణ జొన్నగటక, ఉత్తరాంధ్ర చోడి అంబలి పొయ్యి మీంచి దిగిపోయాయి. ఆకలి తీరినందుకు సంతోషించాలి. కాని సిగ్గుపడి వదిలేసినదాన్ని సిగ్గుపడాల్సింది కాదని ఇప్పుడైనా తెలుసుకోవాలి.

ఇంకో తెలుగు సాక్ష్యం. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టిన భోజనాలు వర్ణించాడు. వానాకాలానికి ఒక రకం, చలికాలానికి ఒక రకం, ఎండాకాలానికి ఒక రకం. వేసవిలో చారు, మజ్జిగ. చలికాలంలో మిరియపు పొడితో వేడివేడి కూరలు, ఘాటైన పచ్చళ్లు. రాజ్యమేలినవాడు, సేనలు నడిపినవాడు, ఋతువును బట్టి విస్తరి మార్చాలని ఎరిగినవాడు. మనం సియాచిన్‌లో అయినా జైసల్మేర్‌లో అయినా అదే ఆవకాయ, అదే తెల్లన్నం అంటే ఆయనకు నచ్చేది కాదేమో.

లంగర్లో నేర్చుకున్నది

లంగర్ చేసిన మేలు కూడా చెప్పుకోవాలి. మన పల్లెల్లో పంక్తిభేదం ఎలా ఉండేదో పెద్దవాళ్లకు తెలుసు. లంగర్లో ఒకే డేగిసా, ఒకే గరిటె. పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడితే ముందు నిలబడ్డవాడి కులం ఎవడూ అడగడు. మనవాడు రాజ్మా, సర్సోంకా సాగ్ నేర్చుకున్నాడు. పంజాబీవాడు పులిహోర అడిగి మరీ పెట్టించుకున్నాడు. "మదరాసీ" అని ఎగతాళి చేసినవాడే ఆవకాయ సీసా ఖాళీ చేశాడు.

అయితే ఒకటి గమనించారా? గఢ్వాలీలు తమ కొండల్లో పండే మండువా రొట్టెను పోగొట్టుకోలేదు. ఆ మండువా ఏదో కాదు, మన చోళ్ళే, రాగులే. రాజస్థానీ తినే బాజ్రా మన సజ్జ. పూనాలో దొరికే జ్వారీ భాక్రీ మన జొన్నరొట్టె. అక్కడి అంబాడీ మన గోంగూర. ఢిల్లీ సంతలో చలికాలం దొరికే బథువా మన చక్రవర్తికూర. చౌలాయీ మన తోటకూర. అంటే మన తిండి కోసం ఊరి నుంచి పార్సిల్ రానక్కర్లేదు. ఏ కంటోన్మెంటు పక్కనున్న సంతలోనైనా వేరే పేరుతో అది మనకోసం కూర్చునే ఉంది. మనం పేరు అడగలేదు, అంతే.

సైన్యం కూడా వెనక్కి తిరిగి చూసింది. గోధుమపిండి రావడంతో అర్ధశతాబ్దం కిందట ఆపేసిన చిరుధాన్యాల పిండిని 2023 మార్చిలో జవాన్ల రేషన్‌లోకి మళ్లీ తెచ్చారు. కోరుకున్నవాళ్లకు బియ్యం, ఆటా వాటాలో నాలుగో వంతు మించకుండా సజ్జ, జొన్న, రాగి పిండి ఇవ్వవచ్చన్నారు. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కూడా 2023నే. రేషన్ లెక్కలు రాసిన నాకు ఆ వార్త చదివినప్పుడు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

పెన్షన్ తరవాతి లెక్క

ఇప్పుడు రిటైరైన మిత్రులు కాస్త జాగ్రత్తగా వినాలి. ఇది మన ప్రాణం మీది లెక్క.

జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం, 65 కిలోల మగమనిషి కష్టమైన శరీరశ్రమ చేస్తే రోజుకు 3470 కిలోక్యాలరీలు కావాలి. కూర్చుని చేసే పనైతే 2110 చాలు. తేడా 1360. బియ్యంలోకి మారిస్తే దాదాపు 390 గ్రాములు. పీటీ, పరేడ్, పెట్రోలింగ్ ఆగిపోయిన రోజునుంచి ఆ 390 గ్రాములు మనకు అక్కర్లేదు. పెన్షన్ కాగితాలు చేతికొచ్చినరోజే కడుపు పాత రేషన్ స్కేలు మరచిపోవాలి. అది మరచిపోదు. ఆకలి అలవాటు అలాగే ఉంటుంది, చెమట ఆగిపోతుంది. ఐదేళ్లు తిరిగేసరికి పొట్ట, పదేళ్లకు చక్కెర, ఆ తరవాత మోకాళ్లు, గుండె. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే మన దేశంలో 10 కోట్లమందికి పైగా మధుమేహం ఉందని చెప్పింది. మన పెన్షనర్ల సమావేశంలో టీ పంచేటప్పుడు "చక్కెర లేకుండా" అని ఎన్ని చేతులు లేస్తాయో చూడండి. సర్వే అక్కర్లేదు.

ఉప్పు సంగతి కూడా. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచా, మించొద్దని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్తుంది. ఊరగాయ, పొడి, అప్పడం, పెరుగులో ఉప్పు, వీటితోనే మనం దాన్ని దాటేస్తాం. ఆవకాయ మానమని చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పినా మీరు వినరు. ఆవకాయ నంజుడు. దాన్ని నంజుకోవాలి, కలుపుకోకూడదు.

రాగుల సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. పాత పోషకాహార పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 344 మిల్లీగ్రాములు, మరపట్టిన బియ్యంలో 10. ఎముకలు అరుగుతున్న వయసులో, అందులోనూ ముఖ్యంగా మా అక్కచెల్లెళ్లకు, దీని విలువ వేరే చెప్పాలా?

మనం చేయగలిగింది

నావి మూడే సూచనలు. మొదటిది, ఇంటి సంగతి. వారానికి రెండు మూడు పూటలు అన్నం బదులు జొన్నరొట్టో, సంగటో, కొర్రన్నమో పెట్టండి. మిగతా పూటల్లో అన్నం తగ్గించి ఆ జాగాలో పప్పు, ఆకుకూర పెంచండి. తక్కువ పాలిష్ పట్టిన బియ్యం దొరికితే తీసుకోండి. చక్కెర జబ్బుకు మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టరుకు చెప్పే మార్చండి.

రెండవది, పిల్లల సంగతి. క్వార్టర్స్‌లో పెరిగిన మన పిల్లలు మంచి హిందీ, ఇంగ్లీషు మాట్లాడతారు. తెలుగు తిండి ఏదంటే బిర్యానీ, దోసె అంటారు. వాళ్ల తప్పు కాదు. అంబలి, తరవాణి, ఉలవచారు, సర్వపిండి, చింతచిగురు పప్పు అనే మాటలు వాళ్ల చెవిన పడలేదు. తిండి పోతే మాట పోతుంది. మాట పోతే, ఆ తిండి వెనకున్న ఊరు, పొలం, కష్టం అన్నీ పోతాయి. పిల్లవాణ్ణి సంతకు తీసుకెళ్లి, ఇది బథువా, మనం చక్రవర్తికూర అంటాం అని చెప్పండి. రెండు భాషలూ నేర్చుకుంటాడు, ఒక ఆకుకూర కూడా తింటాడు.

మూడవది, మన సంఘం సంగతి. మన ఇళ్లల్లో 80 దాటిన అమ్మలు, అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్లను పండగ వంటలు అడగొద్దు, అవి పుస్తకాల్లో దొరుకుతాయి. మామూలు రోజున, కోతల రోజుల్లో, కరువు వచ్చిన ఏడాది ఏం వండారో అడిగి రాసి పంపించండి. శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా, ఖమ్మం నుంచి పాలమూరు దాకా, ఏ జిల్లావాళ్లు ఆ జిల్లా మాటల్లోనే రాయండి. వచ్చే ఏడాది సంచికలో ఆ పేజీలు ఉండాలని కార్యదర్శిగారికి ఈ సభాముఖంగా విన్నవిస్తున్నాను. వచ్చే ఉగాది విందులో పులిహోర, బొబ్బట్ల పక్కన ఒక కుండెడు అంబలి కూడా ఉండాలి. దాన్ని కాచే బాధ్యత నాది.

 సెలవు. జై హింద్.